నులక మంచం, మూడో మెట్టు

హోసూరు దగ్గరి బేరిగైలో ఎవరైనా "మీ అల్లుడు ఏం పని చేస్తాడప్పా?" అని అడిగితే చౌడప్ప "మోటారు కంపెనీలో" అని ఊరుకునేవాడు. ఇంకా గుచ్చి అడిగితే, ఆవులకు నీళ్ళు పెట్టాలని లేచిపోయేవాడు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. నిజం చెప్పడానికి నోరు రాదు. నిజమేమిటంటే ఆయన అల్లుడు ప్రసాదు హోసూరులో మోటారు సైకిలు వెనక సీటు మీద కూచుంటాడు. అదే అతని ఉద్యోగం. పొద్దున తొమ్మిదికి ఎక్కితే సాయంత్రం ఐదుకి దిగుతాడు. మధ్యలో భోజనానికి ఒకసారి, టీకి రెండుసార్లు నేల మీద కాలు పెడతాడు.

ఇందులో ప్రసాదు తప్పేమీ లేదు. పలమనేరు పక్క పల్లె నుంచి, ఐటీఐ ఫిట్టరు సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని హోసూరుకు వచ్చినప్పుడు స్పానరు పట్టుకుందామనే వచ్చాడు. మోటారు సైకిళ్ళ వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే షాకబ్జర్లు తయారుచేసే కంపెనీలో చేరాడు కూడా. కాని స్పానరు చేతికి రాలేదు. అట్టపెట్టెలూ టేపూ వచ్చాయి. ప్యాకింగు సెక్షనులో నాలుగేళ్ళు గడిచిపోయాయి. స్టోర్సులో కంప్యూటరు ముందు కూచునే పవిత్ర, పెట్టె మీద లేబులు తలకిందులుగా అంటించావని మూడుసార్లు అతన్ని పిలిపించింది. నాలుగోసారి లేబులు సరిగ్గానే ఉంది, అయినా పిలిపించింది. ఆమెది బేరిగై. నాలుగెకరాల్లో టమాటా, రాగి పండించుకునే చౌడప్పకు ఒక్కతే కూతురు. పిల్లవాడు ఫిట్టరు చదివాడని విని చౌడప్ప పెళ్ళికి ఒప్పుకున్నాడు.

పెళ్ళయిన ఆరు నెలలకు ఇసుక మూట సంగతి జరిగింది.

ఆ కంపెనీ షాకబ్జరుకి కింది భాగంలో ఐదు మెట్లున్న రింగు ఒకటి ఉంటుంది. కొక్కెంలాంటి స్పానరుతో దాన్ని తిప్పితే స్ప్రింగు బిగుసుకోవడమో వదులవడమో జరుగుతుంది. ఒకటో మెట్టు ఒంటరిగా పోయేవాళ్ళకు, ఐదోది మూటాముల్లెతో పోయేవాళ్ళకు. ఏ మెట్టు ఎంత మెత్తగా ఉండాలో తేల్చడానికి బండిని రోడ్డు మీద తిప్పి చూడాలి. తిప్పేటప్పుడు నడిపేవాడి వెనక డెబ్బై అయిదు కిలోల బరువుండాలని హెడ్డాఫీసు కాగితం చెబుతుంది. మొదట్లో ఆ డెబ్బై అయిదు కిలోలూ ఒక ఇసుక మూట. వానకు తడిసి బరువు మారకుండా దానికి రెయిన్‌కోటు తొడిగేవాళ్ళు. రెయిన్‌కోటు టోపీ గాలికి ఎగిరిపోకుండా పైన హెల్మెట్టు పెట్టేవాళ్ళు.

ఒకరోజు బండి నడిపే ఏళుమలై కెలమంగలం బస్టాపు దగ్గర స్పీడు బ్రేకరు దాటించాడు. పట్టీ తెగి మూట రోడ్డు మీద పడింది. ఏళుమలై చూసుకోలేదు. బరువు తగ్గేసరికి బండి హాయిగా సాగుతోందని మురిసిపోతూ రాగి చేల దాకా వెళ్ళిపోయాడు. ఈలోగా బస్టాపులో జనం మూగారు. పూలమ్మే ఆమె నీళ్ళు చల్లింది. ఎవరో ఆంబులెన్సుకు ఫోను చేశారు. హెల్మెట్టు తీయొద్దు, మెడ విరిగి ఉంటుందని ఒక పెద్దమనిషి అందరినీ దూరంగా నిలబెట్టాడు. ఏళుమలై తిరిగి వచ్చేసరికి, పడిపోయిన మనిషిని వెనుదిరిగి చూడకుండా పోతావా అని నలుగురు కాలరు పట్టుకున్నారు. అతను రెయిన్‌కోటు విప్పి ఇసుక చూపించాడు. చూశాక వాళ్ళకు ఇంకా కోపం వచ్చింది.

ఆ సాయంత్రమే టెస్టింగు మేనేజరు గోపీనాథ్, ఇక మీదట వెనక మనిషే కూచోవాలని తీర్మానించాడు. మర్నాడు పెట్టెలు తూచే కాంటా మీద ప్యాకింగు వాళ్ళందరినీ ఒక్కొక్కరినే నిలబెట్టారు. ప్రసాదు వంతు వచ్చినప్పుడు కాంటా మీద అంకెలు కాసేపు ఊగి డెబ్బై అయిదు దగ్గర నిలిచిపోయాయి. పాయింటు పక్కన సున్నా. గోపీనాథ్ కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చూశాడు. అంతకు ముందు ప్రసాదు దేంట్లోనూ మొదటివాడు కాలేదు. ఆ పూట ఇంట్లో ఉన్న పవిత్రకు ఫోను చేసి, నలభై మందిలో తననే ఎంచుకున్నారని చెప్పాడు. దేనికని ఆమె అడిగితే, ఇంటికొచ్చి చెబుతానన్నాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున ఉద్యోగంలోకి వెళ్ళే ముందు అతను కాంటా ఎక్కాలి. అర కిలో తగ్గితే జేబుల్లో నట్లు పోసేవాళ్ళు. అర కిలో పెరిగితే బెల్టు, వాచీ, బూట్లు తీయించేవాళ్ళు. ఉగాది మర్నాడు కిలోన్నర పెరిగి, వట్టి కాళ్ళతో, చేతిలో పర్సయినా లేకుండా జవళగిరి దాకా వెళ్ళి వచ్చాడు. పవిత్ర వంటింట్లో అద్దం పక్కన ఒక కాగితం అంటించింది. రాగి ముద్ద ఎంత సైజు చేస్తే ఎంత పెరుగుతాడో అందులో పెన్సిలుతో రాసి ఉంటుంది.

రోజూ తిరిగే దారి ఒకటే. హోసూరులో బయల్దేరి కెలమంగలం, అక్కడినుంచి దేన్‌కనికోట, తళి, అడవి అంచున జవళగిరి. తారు రోడ్డు, గతుకుల రోడ్డు, మట్టి రోడ్డు మూడూ ఆ దారిలోనే దొరుకుతాయి. ఏళుమలై పది కిలోమీటర్లకొకసారి బండి ఆపి రింగు ఒక మెట్టు తిప్పుతాడు. తిరిగి వచ్చాక ఇంజినీరు తేజస్వినికి ప్రసాదు ఎలా ఉందో చెప్పాలి. తేజస్వినిది తెనాలి, ఉద్యోగంలో చేరి ఏడాది. ఆమె దగ్గర ఒక ఫారం ఉండేది. ఒకటి నుంచి పది దాకా మార్కులు వేయాలి. ప్రసాదుకు మార్కులు వేయడం రాలేదు. మూడుసార్లు అడిగితే మూడు రకాలుగా చెప్పేవాడు.

విసుగొచ్చి ఆమె ఒకరోజు, "మార్కులొద్దులెండి ప్రసాద్ గారూ, ఎలా అనిపిస్తే అలా చెప్పండి" అంది.

అప్పుడతను కళ్ళు మూసుకొని చెప్పాడు. ఒకటో మెట్టు, ఎవరో కింద నుంచి నెమ్మదిగా తోస్తా ఉండారు, చాలంటే ఆపరు. రెండోది, నీళ్ళు పెట్టిన చేలో నడిచినట్టు. నాలుగోది, బస్సులో చివరి సీటు. ఐదోది, నా మీద ఎవరికో పాత కోపం ఉండాది. మూడోది చెప్పేటప్పుడు మాత్రం కాస్త ఆలోచించాడు.

"మా అత్తగారింట్లో నులక మంచం మాదిరి ఉండాది మేడమ్" అన్నాడు. "సరిగ్గా ఆ మంచం కాదు. దాని పక్కకొచ్చింది. ఇంకొంచెం దిగితే అదే."

తేజస్విని అన్నీ ఇంగ్లీషులోకి మార్చి రాసింది. తీరా చూస్తే అతని మాటలు తప్పేవి కావు. వారం తర్వాత మెట్టు చెప్పకుండా బండెక్కించినా, దిగి బస్సు చివరి సీటన్నాడంటే అది నాలుగోదే. ఆమె ఆ పట్టికనంతా హెడ్డాఫీసుకు పంపింది. అక్కడినుంచి పది రోజులకు జవాబు వచ్చింది. మూడో మెట్టే కొనేవాళ్ళు ఎక్కువగా వాడేది కాబట్టి, ఇకపై దానికి 'అత్తగారి మంచాన్ని' ప్రమాణంగా తీసుకుంటున్నామనీ, దాని డ్రాయింగు, పొడవు వెడల్పులు, డెబ్బై అయిదు కిలోల కింద ఎంత దిగుతుందో ఆ కొలత వెంటనే పంపాలనీ అందులో ఉంది.

అది మాటవరసకు అన్నదని తేజస్విని మర్యాదగా తిరిగి రాసింది. డ్రాయింగు లేని ప్రమాణాన్ని తమ పద్ధతి ఒప్పుకోదని వాళ్ళు అంతకంటే మర్యాదగా రాశారు. గోపీనాథ్ రెండు ఉత్తరాలూ చదివి, మంచం ఎక్కడుందని అడిగాడు. బేరిగైలో ఉందని చెబితే, అది మన ఫ్యాక్టరీకి ముప్పై కిలోమీటర్ల లోపే గనక ప్రయాణానికి వేరే అనుమతి అక్కర్లేదన్నాడు.

ఆ సంగతి విని పవిత్ర వడ్డిస్తున్న గరిటె ఆపేసింది.

"మా అమ్మకు ఏమని చెప్తావప్పా?" అంది.

"బాగుందనే కదా చెప్పినాను."

"బాగుండేదాన్ని కొలిచేదానికి ఎవరొస్తారు?"

పవిత్ర తన తల్లి దొడ్డమ్మకు ఫోను చేసి, కంపెనీ వాళ్ళు గురువారం వస్తారనీ, ఊరికే మంచం చూసి పోతారనీ వీలైనంత తేలిగ్గా చెప్పింది. దొడ్డమ్మ ఎరిగినంతలో, బయటివాళ్ళు ఇంటికొచ్చి దేన్నయినా కొలిచారంటే అనుమానంతోనే. పాలలో వెన్న కొలవడానికి వచ్చినవాళ్ళు నీళ్ళు కలిపారేమోనని వచ్చారు. పొలం కొలవడానికి వచ్చినవాళ్ళు గట్టు జరిపారేమోనని వచ్చారు. అల్లుడు ఏడాదిగా వచ్చినప్పుడల్లా ఆ మంచం మీద పడుకొని, నడుం నొప్పని పెళ్ళానికి చెప్పలేక కంపెనీలో చెప్పుకున్నాడని ఆమెకు అర్థమైంది.

గురువారం పొద్దున కంపెనీ కారులో తేజస్విని, ప్రసాదు, ఏళుమలై బయల్దేరారు. డిక్కీలో పెట్టెలు తూచే కాంటా, ఉక్కు టేపులు, మట్టం చూసే గొట్టం ఉన్నాయి. ఇంటి ముందు కళ్ళాపి చల్లి పెద్ద ముగ్గు పెట్టి ఉంది. మంచం వసారాలో నడిమధ్యన ఉంది. పట్టెలకు నూనె పూసి ఉంది. పాత నులక లేదు. పసుపు రంగు కొత్త తాడుతో, వేలు దూరనంత దగ్గరగా, గట్టిగా అల్లి ఉంది. చౌడప్ప బుధవారమంతా కూచొని అల్లాడు. అల్లుడు మళ్ళీ వంక పెట్టకూడదని దొడ్డమ్మ దగ్గరుండి మరీ బిగింపించింది.

"పండుకో అల్లుడూ" అన్నాడు చౌడప్ప. "ఎట్లుండాదో చెప్పు."

ప్రసాదు పడుకున్నాడు. గడప మీద పడుకున్నట్టుంది. బాగుందంటే ఆ కొలత హెడ్డాఫీసుకు పోతుంది. అక్కడినుంచి మూడో మెట్టు రాతి బండలా తయారై దేశమంతా పోతుంది. బాగాలేదంటే అత్తగారు వినేంత దూరంలోనే నిలబడి ఉంది. అతను పడుకునే ఉండి వసారా కప్పు వైపు చూశాడు. అబద్ధమాడదామనే నోరు తెరిచాడు గానీ నడుము ఒప్పుకోలేదు.

"ఇది కాదు మేడమ్" అన్నాడు.

దొడ్డమ్మ లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెలు పెద్దగా మోగాయి.

తేజస్విని పాత తాడు ఎక్కడని అడిగింది. చౌడప్ప చేను వైపు చెయ్యి చూపించాడు. పాత నులకను ముక్కలు చేసి బుధవారమే టమాటా మొక్కలను కర్రలకు కట్టేశాడు. తేజస్విని చేను దాకా వెళ్ళి చూసింది. ప్రమాణం రెండు వందల మొక్కలకు పంచబడి ఉంది. ఆమె ఒక ముక్కను విప్పించి మందం కొలిచి రాసుకుంది. ఇంకేం చేయాలో తోచక తిరిగి వచ్చింది.

కొత్త తాడును వదులు చేస్తే పాతదానిలా అవుతుందా అని అడిగింది. చౌడప్ప తల అడ్డంగా ఊపాడు.

"వదులైతే వదులవుతాది, పాతదయ్యేది వేరేమ్మా" అన్నాడు. "తాడు మీద నీళ్ళు పడాల. మనుషులు కూచోవాల, లేవాల. పన్నెండేండ్లు కూచున్నాం దాని మీద."

ఆ మాట వినగానే తేజస్విని ముఖం వికసించింది. ఫ్యాక్టరీలో షాకబ్జర్లను ముసలివాటిని చేసే యంత్రం ఒకటి ఉంది. బండి పదేళ్ళలో తినే కుదుపులన్నింటినీ అది నాలుగు రోజుల్లో కొట్టి చూపిస్తుంది. మంచానికీ అదే పద్ధతి అని ఆమెకు తోచింది. ఊళ్ళో ఒక యాభై మంది దొరుకుతారా అని చౌడప్పను అడిగింది. దేనికని ఆయన అడిగాడు. కూచోవడానికి అంది.

మొదట పక్కింటి శ్రీనివాసప్ప వచ్చాడు. టమాటా మార్కెట్టులో కాంటా దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి, ఏదీ తేలిగ్గా నమ్మడు. ఆయన కూచొని లేచి, పోయి ఇంకో పదిమందికి చెప్పాడు. మధ్యాహ్నానికి వసారా నుంచి వీధి దాకా వరస కట్టారు. తాడు మీద బిందెతో నీళ్ళు పోయడం, ఒకరి తర్వాత ఒకరు కూచోవడం, పది అంకెలు లెక్కపెట్టి లేవడం. తేజస్విని బల్ల వేసుకొని ఒక్కొక్కరి పేరు, బరువు రాసింది. కాంటా ఎక్కనన్న ఆడవాళ్ళను వాళ్ళ మాట మీదే నమ్మింది. పాలు పోసి ఇంటికి వెళుతున్నవాళ్ళు క్యాన్లు దించి కూచున్నారు. ఏమిటిదని ఎవరూ గట్టిగా అడగలేదు. గవర్నమెంటు స్కీమేదో అనుకొని ఇద్దరు ఆధారు కార్డులు కూడా తెచ్చారు. రెండోసారి కూచోవచ్చా అని ఒక ముసలాయన అడిగితే ఏళుమలై తమిళంలో నచ్చజెప్పి వరస చివరికి పంపాడు.

ప్రతి ఇరవై మందికి ఒకసారి ప్రసాదు పడుకొని చూడాలి. చౌడప్ప మంచం కాళ్ళ వైపు గొంతుక్కూచొని, అక్కడి తాడును కొంచెం వదలడమో లాగడమో చేసేవాడు. ప్రసాదు కళ్ళు మూసుకొని చెప్పేవాడు. ఇంకా కాదు. నడుం దగ్గర సరిపోయింది, భుజాల కింద మొండిగా ఉండాది. ఇప్పుడు ఎడం పక్క దిగతా ఉండాది, కుడి పక్క దిగలే.

శ్రీనివాసప్ప ఇదంతా చూసి చూసి చౌడప్ప పక్కన కూచున్నాడు. ఎంత వదిలినా బిగించినా మంచం మంచమే, ఈ పిల్లవాడు నోటికొచ్చింది చెబుతున్నాడు, కంపెనీ జీతమిచ్చి ఇదా చేయించేది అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు గానీ వసారా చిన్నది. చౌడప్ప మొహం మాడిపోయింది. ప్రసాదు విన్నాడు. పడుకున్నవాడు లేచి కూచున్నాడు.

"మామా, నేను గోడ పక్కకు పోతాను" అన్నాడు. "మీరు తిప్పండి, తిప్పకపోండి. పిలిస్తే వస్తాను."

అతను ఆవుల కొట్టం వెనక్కు వెళ్ళాడు. చౌడప్ప తాడు ఒక వేలెడు లాగాడు. ప్రసాదు వచ్చి పడుకొని, బిగించినారు, అంతా కాదు, కాళ్ళ పక్కే అన్నాడు. రెండోసారి చౌడప్ప తాడు ముట్టుకోలేదు, ముట్టుకున్నట్టు శబ్దం మాత్రం చేశాడు. ప్రసాదు పడుకొని, ఏమీ చేయలేదు మామా అన్నాడు. మూడోసారి శ్రీనివాసప్ప తానే లేచి వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా, తల వైపు కోడు కింద మడిచిన బీడీ కట్ట కాగితం పెట్టాడు. ప్రసాదు పడుకున్నాడు. ఈసారి రెండు పక్కలకూ దొర్లి చూశాడు. వరసలో ఉన్నవాళ్ళంతా తొంగి చూస్తున్నారు.

"మంచం బాగుండాది. నేల మారింది" అన్నాడు.

శ్రీనివాసప్ప కాగితం తీసి జేబులో పెట్టుకొని, నేరుగా పోయి వరసలో నిలబడ్డాడు, ఇంకోసారి కూచునేదానికి. చౌడప్ప తాడు పట్టుకునే ఉన్నాడు గాని లాగడం మరిచిపోయాడు. చిన్నప్పుడు తన తాత మట్టిని నోట్లో వేసుకొని ఇది రాగికి, ఇది ఉలవకు అని చెప్పేవాడని ఆ వరసలోని ఎవరికో చెప్పాడు. అల్లుడితో మాత్రం ఏమీ అనలేదు. కాసేపటికి లోపలికి వెళ్ళి, నువ్వే బయటికొచ్చి వాన్ని ఏదైనా తినమను, పని చేస్తా ఉండాడు అని దొడ్డమ్మతో అన్నాడు.

దొడ్డమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. మంచం బాగాలేక కాదనీ, దాని మాదిరి బండి స్ప్రింగు చేయాలని చూస్తున్నారనీ అప్పుడుగాని ఆమెకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. తేజస్వినే చెప్పింది. ఆమె నమ్మినట్టు కనిపించలేదు, కాని ముద్ద మాత్రం పెద్దది చేసింది. అనపగింజల పులుసు, దాని మీద నెయ్యి. ప్రసాదు వద్దన్నాడు, కంపెనీ బరువు గురించి చెప్పబోయాడు. అత్తగారు గరిటె పట్టుకొని నిలబడితే అతని మాట ఏనాడూ పూర్తి కాలేదు.

నూట నలభయ్యో మనిషి లేచాక, చౌడప్ప తాడు ఒక్క చుట్టు వదిలాడు. ప్రసాదు పడుకున్నాడు. ఏమీ చెప్పలేదు. తేజస్విని పెన్ను పట్టుకొని చూసింది. ఎలా ఉందండీ అని అడిగింది. జవాబు రాలేదు. ఏళుమలై వంగి చూసి, తూంగిట్టాన్ అని తమిళంలో అన్నాడు. నిద్రపోయాడు.

అదే ఆ కొలత అని అందరికీ అర్థమైంది. తేజస్విని చప్పుడు చేయకుండా మంచం కింద దూరి, ఉక్కు టేపు నిలబెట్టింది. నాలుగు అంగుళాల పావు. రాసుకుంది. తర్వాత ఆమెకు ఒక అనుమానం వచ్చింది. అతని బరువు ఇప్పుడు డెబ్బై అయిదేనా? లేపి కాంటా ఎక్కించాలంది. దొడ్డమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది.

"పండుకొనుండే అల్లున్ని లేపేది మా ఇంట్లో లేదమ్మా" అంది.

గోపీనాథ్ ఫోను చేశాడు. తేజస్విని వీధిలోకి వెళ్ళి, ప్రమాణం దొరికిందనీ, కాని బరువు నిద్రలో ఉందనీ చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, మంచంతో సహా తూచి, తర్వాత మంచం బరువు తీసేయమన్నాడు. నలుగురు మనుషులు నాలుగు కోళ్ళు పట్టుకొని, ఊరేగింపుకు పల్లకీ ఎత్తినట్టు మెల్లగా ఎత్తి, కాంటా మీద పరిచిన పలక మీద దింపారు. ప్రసాదు పక్కకు ఒత్తిగిల్లాడు గాని లేవలేదు. ముందే తూచి రాసుకున్న మంచం బరువూ, పలక బరువూ తీసేస్తే లెక్క తేలింది. డెబ్బై ఆరు పాయింటు ఎనిమిది. తిన్నది కిలో ఎనిమిది వందలు. దొడ్డమ్మ ఆ అంకె రెండుసార్లు చెప్పించుకుంది. మా ఇంట్లో తిన్నది అంత ఉండాదని శ్రీనివాసప్ప భార్యకు గోడ మీదుగా చెప్పింది. తేజస్విని ఎక్కువైన బరువుకు తగ్గట్టు లెక్కకట్టి, నాలుగు అంగుళాలా ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అని సరిచేసి పంపించింది.

హెడ్డాఫీసు దాన్ని ఒప్పుకుంది. మంచానికి ఒక డ్రాయింగు నంబరు వచ్చింది. మూడో మెట్టును రెండు మిల్లీమీటర్లు కిందికి జరిపారు. పదిహేను రోజులకు ప్రసాదు జవళగిరి దాకా పోయి వచ్చి, ఇప్పుడు అదే అన్నాడు. ప్రమాణాలను ఆరు నెలలకొకసారి సరిచూడాలని కంపెనీ నియమం. అందుకని ఏళుమలై బేరిగై వచ్చి మంచం కోడు మీద తర్వాతి తనిఖీ తేదీ ఉన్న పచ్చ స్టిక్కరు అంటించి పోయాడు. దొడ్డమ్మ మంచం తుడిచేటప్పుడు దాని అంచుల చుట్టూ జాగ్రత్తగా తుడిచేది. అప్పటినుంచి ఆ మంచం మీద చుట్టాలెవరినీ కూచోనిచ్చేది కాదు. చౌడప్ప కూడా చాప మీదికి మారాడు. అందుకు ఆయన చింతించలేదు. అల్లుడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పుడు లేచిపోవడం లేదు, కూచోబెట్టి మరీ చెబుతున్నాడు. వినేవాళ్ళే ఆవులకు నీళ్ళు పెట్టాలని లేస్తున్నారు.

జనవరిలో ఒకరోజు, పదకొండు గంటల వేళ, హెడ్డాఫీసు పెద్దసారు నేరుగా బేరిగైకే వచ్చాడు. హోసూరు ఫ్యాక్టరీ చూడటానికి వచ్చినవాడు, ముందు ప్రమాణం చూస్తానన్నాడట. ప్రసాదును దారి చూపించడానికి కారులో ఎక్కించుకున్నారు. ఆయనకు హిందీ, ఇంగ్లీషు తప్ప రావు, ప్రసాదుకు ఆ రెండూ అంతంతమాత్రం. దారి పొడుగునా ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ వచ్చారు. వసారాలో మంచం చూడగానే ఆయన స్టిక్కరు చదివి, తృప్తిగా తలూపి, బూట్లు విప్పాడు. చౌడప్ప ఆయన్ను ఎగాదిగా చూసి, తొంభైకి తక్కువుండడని అనుకొని, కాళ్ళ వైపు తాడు అర చుట్టు బిగించాడు. పెద్దసారు నడుం వాల్చాడు. ఏదో చెప్పబోయినట్టు చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి నెమ్మదిగా పొట్ట మీదికి దిగింది.

గంట గడిచింది. గంటన్నర గడిచింది. డ్రైవరు రెండుసార్లు వచ్చి చూసి పోయాడు. ప్రసాదుకు ఏం చేయాలో తెలియలేదు. ఇప్పుడు తాను పనిలో ఉన్నట్టా, లేనట్టా అనేది తేలక, సెలవు పెట్టి ఊరికి పోయిన తేజస్వినికి ఫోను చేశాడు.

"పండుకొనుండారు మేడమ్" అన్నాడు.

ఎంతసేపయిందని ఆమె అడిగింది. చెప్పాడు.

"ఎంత దిగిందో కొలిచారా?" అంది.

కొలవలేదన్నాడు. టేపు కారులో ఉంది, కారు తాళం డ్రైవరు దగ్గరుంది, డ్రైవరు చెరుకు తోట వైపు పోయాడు. సరే, లేచాక చూద్దాంలెండి, మీరు మాత్రం అక్కడే ఉండండి అని ఆమె ఫోను పెట్టేసింది. దొడ్డమ్మ లోపలినుంచి వచ్చి, మంచం వైపు చూసి, పెద్దసారు ముఖం మీద ఎండ పడకుండా ఒక గోనెపట్టా కట్టింది. తర్వాత అల్లుడి పక్కన అనపకాయల చేట ఒకటి, ఖాళీ గిన్నె ఒకటి పెట్టింది. ప్రసాదు అరుగు మీద కాళ్ళు చాపుకొని, చప్పుడు కాకుండా కాయలు ఒలవడం మొదలుపెట్టాడు.